మీకు తెలుసా? లారీకి దారి కాదు, తిరిగే చోటు కావాలి

గోదావరి జిల్లాల్లో కొత్త ఊరికి సరుకు తెచ్చిన లారీ డ్రైవరు, ఊరి మొదట్లో టీ కొట్టు దగ్గర ఆపి ఏం అడుగుతాడో ఎప్పుడైనా విన్నారా? "లోపలికి లారీ వెళ్తుందా?" అని కాదు. అది ఆయనకు చూడగానే తెలిసిపోతుంది. ఆయన అడిగేది, "తిప్పుకునే చోటుందాండీ?" అని. కొట్టాయన గ్లాసు కడుగుతూనే జవాబు చెప్తాడు: "ఆయ్, రామాలయం దగ్గర ఉందండి. అది దాటేరంటే మళ్లీ లాకుల దాకా లేదు."

డెల్టా రోడ్ల కథంతా ఆ రెండు ముక్కల్లోనే ఉంది. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేను, మధ్యలో లారీ. ముందుకు పోనివ్వడం పెద్ద విద్య కాదు. సరుకు దించి, బండి తిప్పుకుని, కాలువలోనూ చేలోనూ పడకుండా బయటికి రావడంలోనే ఉంది పనితనమంతా. ఆ పనితనం చుట్టూ ఉన్న సంగతులు కొన్ని ఇవిగో.

తాడు లాగిన గట్టే తారు రోడ్డు

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాన్ని కట్టించిన కాటన్ దొర కాలువలు తవ్వించింది చేలకు నీళ్లివ్వడానికే కాదు, సరుకు పడవలు నడపడానికి కూడా. రైలు కంటే పడవ రవాణా చవకని గట్టిగా వాదించిన మనిషి ఆయన. లాకులు వచ్చిందీ అందుకే. నీటి మట్టం మారే చోట పడవను ఎత్తి దించడానికి అవే మెట్లు.

గాలి అనుకూలించనప్పుడు పడవవాళ్లు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. అలా మనుషులు నడవడానికి సరిపోయిన గట్లలో చాలా వాటి మీద తర్వాత కంకర పడింది, దాని మీద తారు పడింది. గట్టు మాత్రం వెడల్పు కాలేదు. పడవ వాడికి ఒక సుఖం ఉండేది. గెడ వేసి నెట్టితే పడవ ఉన్న చోటే తిరుగుతుంది. లారీకి ఆ వెసులుబాటు లేదు.

మూడు ముప్పావు మీటర్ల లెక్క

మన దేశంలో ఒక వరస రోడ్డు వెడల్పు మామూలుగా 3.75 మీటర్లు. లారీ వెడల్పు చట్ట ప్రకారం 2.6 మీటర్లు దాటకూడదు. ఒక్క లారీ పోతే రెండు పక్కలా కాస్త ఖాళీ మిగులుతుంది. అదే ఎదురుగా ఇంకో లారీ వస్తే, రెండిటికీ కలిపి 5.2 మీటర్లు కావాలి. దాదాపు మీటరున్నర తక్కువ. పక్క అద్దాలను ఈ లెక్కలో కలపనే లేదు.

ఆ మీటరున్నర ఎవరో ఒకరు మార్జిన్‌లోకి దిగి ఇవ్వాల్సిందే. రోడ్డు మీద రాయని మర్యాద ఒకటుంది. ఖాళీ బండి లోడు బండికి దారి ఇస్తుంది. లోడు బండి మార్జిన్‌లోకి దిగితే ఏమవుతుందో ఇద్దరు డ్రైవర్లకూ తెలుసు.

పచ్చగడ్డిని నమ్మొద్దు

2018లో కేంద్రం పెంచిన పరిమితుల ప్రకారం ఆరు చక్రాల లారీ, సరుకుతో కలిపి 18.5 టన్నుల దాకా బరువుండొచ్చు. అందులో 11.5 టన్నులు వెనక ఇరుసుదే. అంత బరువూ నేలను తాకేది నాలుగు టైర్ల అడుగున, ఒక్కోటీ మన పీట పాటి జాగాలో.

డెల్టా నేల ఒండ్రు మట్టి, చాలా చోట్ల బంక మట్టి. ఎండాకాలం రాయిలా ఉంటుంది. కాలువకు నీళ్లు వదిలాక ఊట పట్టి లోపల మెత్తబడుతుంది. పైన గడ్డి మాత్రం పచ్చగా, గట్టి నేలలాగే కనిపిస్తుంది. అనుభవం ఉన్న డ్రైవరు ఆ గడ్డిని చూడడు. కిందికి దిగి మడమతో ఒక తన్ను తన్ని చూస్తాడు, లేదా ఇనప రాడ్డు గుచ్చి చూస్తాడు. రాడ్డు సులువుగా దిగితే ఆ పక్కకు చక్రం వెళ్లదు. వెళ్లిందంటే బస్తాలన్నీ దించి, జేసీబీని పిలిపించి, ఊళ్లో వాళ్లందరి చేతా సలహాలు చెప్పించుకోవాలి.

వెనక చక్రం అడ్డదారి

మలుపులో ముందు చక్రం వెళ్లిన దారినే వెనక చక్రం వెళ్తుందనుకుంటాం. వెళ్లదు. లోపలికి జరిగి, అడ్డంగా కోసుకుంటూ వెళ్తుంది. నమ్మకం లేకపోతే సైకిలు చక్రాలు రెండూ తడిపి గచ్చు మీద గుండ్రంగా తిప్పి చూడండి. రెండు గీతలు పడతాయి. లోపలి గీత వెనక చక్రానిది.

సైకిలుకైతే తేడా కొద్దిపాటిదే. లారీకి లెక్క వేద్దాం. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 6 మీటర్లు ఉన్న లారీ, ముందు చక్రంతో 12 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు తీసిందనుకోండి. వెనక చక్రం దాదాపు 1.6 మీటర్లు లోపలికి వస్తుంది. అంటే అయిదడుగుల పైమాట. సందు మలుపులో అరుగులు విరిగేదీ, మురుగు కాలువ మీది బండలు పగిలేదీ, కరెంటు స్తంభాలు వంగేదీ అందుకే. ముందు భాగం క్షేమంగా దాటిపోయిందని ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకునే సరికి వెనక చక్రం వచ్చి అరుగెక్కుతుంది.

అందుకే ఎడమ సందులోకి తిరగాల్సిన డ్రైవరు ముందు బండిని కుడికి లాగుతాడు. వెనకున్న స్కూటరు వాడు అది చూసి, "కుడికి పోతున్నాడు గదా" అని ఎడమ పక్క నుంచి దూరతాడు. ప్రమాదం పొంచి ఉండేది సరిగ్గా అక్కడే.

మ్యూనిక్ బండి మేస్త్రీ ఆలోచన

మలుపులో ముందు చక్రాలు రెండూ ఒకే కోణంలో తిరగవు. లోపలి చక్రం చిన్న గుండ్రంలో, బయటి చక్రం పెద్ద గుండ్రంలో తిరగాలి కాబట్టి లోపలిది కాస్త ఎక్కువ వంగాలి. ఈ ఏర్పాటును 1817లో కనిపెట్టినవాడు జర్మనీలోని మ్యూనిక్‌లో గుర్రపు బళ్లు చేసే లాంకెన్‌స్పెర్గర్. ఇంగ్లండులో ఆయన తరఫున పేటెంటు తీసుకున్నవాడు ఆకర్‌మన్. పేరు ఆకర్‌మన్‌దే నిలిచిపోయింది. నేటి లారీ స్టీరింగు కూడా ఆ సూత్రం మీదే నడుస్తోంది. తెలివి ఒకరిది, పేరు ఇంకొకరిది. ఇది మనకేమీ కొత్త కాదు.

అటు తిప్పితే ఇటు

ట్రైలరును వెనక్కి నడపడం నేర్చుకునేవాడికి మొదటి రోజు చుక్కలు కనిపిస్తాయి. ట్రైలరు తోక ఎడమకు వెళ్లాలంటే స్టీరింగు కుడికి తిప్పాలి. తోక తిరగడం మొదలుపెట్టగానే మళ్లీ ఎడమకు తిప్పి దాని వెనకే వెళ్లాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే ఇంజనూ ట్రైలరూ మడతకత్తిలా ముడుచుకుంటాయి.

ఇందులో ఒక చిత్రం ఉంది. పొడుగు ట్రైలరు కంటే పొట్టి ట్రైలరును వెనక్కి నడపడమే కష్టం. పొట్టిది చటుక్కున తిరిగిపోతుంది, దిద్దుకునే వ్యవధి ఇవ్వదు. మన ఊళ్లలో ధాన్యం ట్రాక్టరు వెనక ఉండే రెండు చక్రాల ట్రక్కు సరిగ్గా అలాంటిదే. దాన్ని చీకట్లో, పుంత రోడ్డులో, చేయి ఒక్కటే స్టీరింగు మీద వేసి, మెడ వెనక్కి తిప్పి ఒక్క కటింగులో కళ్లంలోకి దూర్చేసే కుర్రాడిని చూసి మామూలు పనే అనుకుంటాం. కాదు.

ఒక దెబ్బ, రెండు దెబ్బలు

బస్సులో కండక్టరు విజిలు ఒకసారి వేస్తే ఆగమని, రెండుసార్లు వేస్తే పొమ్మని. లారీ క్లీనరు చేతిలో విజిలు ఉండదు. ఆయన విజిలు లారీ బాడీయే. రేకు మీద అరచేత్తో కొడుతూ నడిపిస్తాడు. ఇంజను హోరులో మాట వినిపించకపోయినా రేకు దెబ్బ క్యాబిన్‌లోకి వినిపిస్తుంది.

రాజమండ్రి పాత బజారు సందుల్లో తెల్లవారుజామున నిలబడితే ఆ సంభాషణ వినొచ్చు. "రానీ... రానీ... రానీ... ఎడం కొట్టు... ఇంకా కొట్టు... చాల్చాల్, నిఠారు చెయ్... రానీ..." అంటూ సాగుతుంది. ఉన్నట్టుండి "ఆప్!" అన్న కేక, దానితో పాటే రేకు మీద గట్టిగా ఒక్క దెబ్బ. బ్రేకుల్లోంచి గాలి ఉస్సుమంటుంది. క్లీనరు వంగి చూస్తాడు. టైరుకూ అరుగుకూ మధ్య బెత్తెడు. "ఉందిలే గురూ, రానీ" అంటాడు.

గమనించారా? ఆయన ఎప్పుడూ లారీకి సూటిగా వెనక నిలబడడు. డ్రైవరు అద్దంలో తన ముఖం కనిపించేలా ఒక పక్కకు ఉంటాడు. డ్రైవరు కళ్లు ముందున్నా చూపు వెనక క్లీనరు దగ్గరుంటుంది. ఇద్దరిలో ఏ ఒక్కరు తొందరపడినా గోడ పోతుంది, లేదా మనిషి పోతాడు.

అమెరికాలో రెండో స్టీరింగు

మన క్లీనరు చేసే పనికి అమెరికాలో ఒక కుర్చీయే వేశారు. అక్కడ కొన్ని నగరాల్లో పొడుగు నిచ్చెన మోసే ఫైరింజన్లకు వెనక కూడా ఒక స్టీరింగు ఉంటుంది. ముందు డ్రైవరు ముందు చక్రాలు తిప్పుతుంటే, వెనక కూర్చున్నవాడు వెనక చక్రాలు తిప్పుతాడు. ఇరుకు వీధుల మలుపుల్లో అంత పొడుగు బండీ పాములా వంగి వెళ్లిపోతుంది. ఇద్దరి మధ్య పొత్తు కుదరకపోతే మాత్రం రెండు స్టీరింగులున్నా లాభం లేదు.

ఆ కీచుకీచు పుట్టింది జపానులో

బండి వెనక్కి వస్తున్నప్పుడు కీచుకీచుమంటూ హెచ్చరించే పరికరాన్ని 1963లో జపానుకు చెందిన మత్సుసబురో యమగూచి రూపొందించాడు. మన దగ్గర అది పాటల పెట్టెగా మారింది. ఒక బండి సినిమా పాట వాయిస్తూ వెనక్కి వస్తుంది, ఇంకోటి దేవుడి పాట. కాకపోతే ఒక చిక్కుంది. రోజూ వినే చప్పుడును చెవి పట్టించుకోవడం మానేస్తుంది. రేకు మీద పడే అరచేతి దెబ్బకు ఆ జబ్బు లేదు, ఎందుకంటే అది కళ్లతో చూసి కొట్టే దెబ్బ.

లారీ రాని చోటికి సైకిలు

లారీ తోటలోకి వెళ్లలేకపోతే? తోటే లారీ దగ్గరకు వస్తుంది. రావులపాలెం అరటి మార్కెట్టుకు వెళ్లి చూడండి. లంకల నుంచీ చుట్టుపక్కల తోటల నుంచీ సైకిళ్లకు గెలలు వేలాడదీసుకుని రైతులు, కూలీలు వస్తుంటారు. సైకిలు కనిపించదు, మనిషి కనిపించడు. నడిచొచ్చే అరటి తోట మాత్రం కనిపిస్తుంది. సైకిలు ఎక్కి తొక్కడం కుదరదు, పక్కన నడుస్తూ నెట్టుకు రావాల్సిందే. తోటలోని కాలిబాటకు లారీ పట్టదు గానీ సైకిలు పడుతుంది. అక్కడ గెల దిగాక లారీకెక్కి దూర రాష్ట్రాలకు పోతుంది.

అంబాజీపేట కొబ్బరిదీ ఇదే దారి. దింపు తీసిన కాయలు తోట నుంచి ట్రాక్టరులో రోడ్డు దాకా, లేదా కొట్టు దాకా వస్తాయి. అక్కడి నుంచి ఉత్తరాది దాకా లారీ ప్రయాణం. వేల కిలోమీటర్లు పోయే బండి, చివరి అర కిలోమీటరును ట్రాక్టరుకు వదిలేస్తుంది. అందులో చిన్నతనమేమీ లేదు, లెక్క ఉంది.

నూటముప్పై మూడు బస్తాలు

గోదావరి జిల్లాల్లో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. పది టన్నులు ఎత్తాలంటే 133 బస్తాలు. కోతల రోజుల్లో లారీ కళ్లం దగ్గరకు రాలేక రోడ్డు మీదే ఆగిపోతే, ఆ 133 బస్తాలూ జట్టు కూలీల వీపుల మీద రోడ్డుకెక్కాలి. లారీ పది గజాలు దగ్గరగా వచ్చిందంటే, ఒక్కో బస్తాకు రానూ పోనూ ఇరవై గజాల నడక తగ్గినట్టు. మొత్తం మీద 2,660 గజాలు, అంటే మైలున్నర. అందులో సగం దూరం 75 కిలోలు మోస్తూ నడవాల్సింది.

జట్టు మేస్త్రీ డ్రైవరు మీద అరిచేది ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా. "ఇంకొంచెం రానియ్యవయ్యా" అన్న మాటలో మైలున్నర నడక ఉంది. "దిగబడితే నువ్వు లాగుతావా?" అన్న డ్రైవరు మాటలో పదకొండున్నర టన్నుల ఇరుసు ఉంది. ఇద్దరి మాటా న్యాయమే.

చెరువు గట్టున ఐసు

భీమవరం, ఆకివీడు వైపు చేపల, రొయ్యల చెరువుల గట్లు మరీ ఇరుకు. రెండు పక్కలా నీళ్లే. వరి చేనైతే దిగబడిన బండిని లాగొచ్చు. చెరువులోకి జారితే బండీ పోతుంది, సరుకూ పోతుంది. అందుకే పెద్ద బళ్లు గట్టు మొదట్లో ఆగుతాయి. పట్టిన సరుకు ట్రేలలో చిన్న వ్యాన్ల మీద వస్తుంది. ఇక్కడ తొందర ఇంకోటి: ఐసు కరుగుతుంటుంది. ధాన్యం లారీ గంట ఆలస్యమైతే తిట్టుకుంటారు. రొయ్యల బండి గంట ఆలస్యమైతే రేటు పడిపోతుంది. కాబట్టి పెద్ద బండిని రోడ్డు వైపు ముఖం పెట్టి నిలుపుతారు. వచ్చినప్పుడే తిప్పుకుని పెట్టుకోవడం, లోడు ఎక్కాక తిప్పే బెడద లేకుండా చూసుకోవడం. ఖాళీగా ఉన్నప్పుడు తిప్పుకో, నిండాక నేరుగా పో అన్నది డెల్టా డ్రైవర్ల మొదటి పాఠం.

పైన కూడా దారి చూసుకోవాలి

కడియం, కడియపులంక నర్సరీల నుంచి పూల మొక్కలే కాదు, ఎదిగిన చెట్లు కూడా వేళ్ల చుట్టూ మట్టి గడ్డతో సహా లారీలెక్కి పోతుంటాయి. క్రేనుతో ఎత్తి పడుకోబెట్టినా కొమ్మలు పక్కలకు, పైకి పొడుచుకొస్తాయి. కట్ట కట్టిన గడ్డి లారీలదీ అదే తంతు. కింద చక్రం చూసుకుంటే చాలదు, పైన తీగ చూసుకోవాలి.

వీధికి అడ్డంగా వెళ్లే మామూలు కరెంటు తీగలు నేలకు కనీసం 5.8 మీటర్ల ఎత్తున ఉండాలని విద్యుత్ నిబంధన. కానీ వీధిలో వేలాడేది కరెంటు తీగ ఒక్కటే కాదు. కేబుల్ టీవీ తీగ, పండక్కి కట్టి విప్పని తోరణం, పెళ్లి పందిరి సీరియల్ బల్బులు కూడా ఉంటాయి. లోడు మీద కూర్చుని పొడుగాటి ఎండు వెదురు గెడతో వాటిని ఎత్తి పట్టే మనిషిని చూసే ఉంటారు. కేబుల్ తీగ వరకు సరే. కరెంటు తీగను గెడతో ఎత్తడం మాత్రం ఎంత ఎండు గెడ అయినా చావుతో చెలగాటమే.

నీళ్ల మీద పార్కింగు

సఖినేటిపల్లికీ నరసాపురానికీ మధ్య వశిష్ఠ పాయ దాటాలన్నా, కోటిపల్లికీ ముక్తేశ్వరానికీ మధ్య గౌతమి పాయ దాటాలన్నా పంటు ఒక దారి. మనుషులతో పాటు మోటారు సైకిళ్లు, కార్లు, వ్యాన్లు ఎక్కే వెడల్పాటి పడవ అది. దాని మీదికి బండి ఎక్కించడం ఇరుకు సందులో పార్కింగు కంటే చిత్రమైన పని, ఎందుకంటే ఇక్కడ పార్కింగు స్థలమే కదులుతుంది. బండి ముందు చక్రాలు ఎక్కగానే పంటు ఆ పక్కకు వంగుతుంది. వెనక చక్రాలు ఎక్కాక మళ్లీ సర్దుకుంటుంది. నరసాపురం దగ్గర సముద్రపు పోటూ పాటూ తెలుస్తాయి కాబట్టి, పొద్దున ఎక్కించిన వాలు సాయంత్రం అలాగే ఉండదు.

పంటు మనిషి బళ్లను ఎక్కడ పెట్టాలో చేత్తోనే చూపిస్తాడు. బరువైనవి మధ్యలో, తేలికవి అంచుల్లో. ఓడ కెప్టెన్లు పుస్తకాల్లో చదువుకునే సంగతి ఇది.

వంతెనే మలుపు తిరిగింది

రాజమండ్రి, కొవ్వూరుల మధ్య రోడ్డూ రైలూ కలిసి సాగే వంతెన 1974 నవంబరులో ప్రారంభమైంది. రోడ్డు భాగం 4.1 కిలోమీటర్ల పొడవు, కింద రైలు భాగం 2.8 కిలోమీటర్లు. రోజూ దాని మీద తిరిగేవాళ్లు కూడా ఒక సంగతి గమనించి ఉండరు. దానికి 91 మీటర్ల పైచిలుకు పెద్ద ఖానాలు 27, సుమారు 46 మీటర్ల చిన్న ఖానాలు 7. ఆ చిన్నవాటిలో 6 రాజమండ్రి వైపు వంపులో ఉన్నాయి. అక్కడ ఊరు కట్టేసి ఉంది కాబట్టి వంతెనే వంగి రావాల్సి వచ్చింది.

వంపులో చిన్న ఖానాలెందుకు? ఇనప దూలం తిన్నగానే ఉంటుంది, వంగదు. పొడుగు దూలాన్ని వంపులో పెడితే మధ్యలో దారికీ దూలానికీ ఎడం పెరుగుతుంది. పొట్టి దూలాలైతే ఆ ఎడం తగ్గుతుంది. సందు మలుపులో పొడుగు లారీ ఇరుక్కోవడానికీ, పొట్టి వ్యాను దాటిపోవడానికీ కారణం కూడా ఈ లెక్కే.

తోటల్లోకి నడిచొచ్చిన రిగ్గు

కోనసీమలో అన్నిటికంటే గడ్డు డెలివరీ ఏదంటే చమురు బావి తవ్వే రిగ్గు. అది ఒక్క బండిలో రాదు. విడదీసిన భాగాలు ట్రైలర్ల మీద వరసగా వస్తాయి. రిగ్గు కదలక ముందే దారి కొలిచే మనుషులు వెళ్తారు. ఏ తూము ఎంత బరువు మోస్తుంది, ఏ మలుపులో ట్రైలరు తిరుగుతుంది, ఏ తీగ ఎత్తాలి అని రాసుకుంటారు. అవసరమైతే తూము బలపరుస్తారు, చేలో కంకర పోసి కొత్త దారి వేస్తారు.

1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్జీసీ బావిలో గ్యాసు ఎగదన్ని మంటలు లేచాయి. 65 రోజులు ఆరలేదు. నీళ్లు చిమ్మే పంపులైనా, శిథిలాలు లాగే యంత్రాలైనా చివరికి చేరాల్సింది కొబ్బరి తోటల మధ్య ఉన్న ఆ దారుల వెంబడే. వార్తల్లో మంట కనిపించింది. ఆ మంట దాకా బరువులు చేర్చిన చక్రాల గురించి పెద్దగా ఎవరూ రాయలేదు.

192 చక్రాల బుద్ధుడు

హైదరాబాదు హుస్సేన్ సాగర్‌లో నిలబడ్డ బుద్ధుడు ఒకే రాయి, 58 అడుగుల ఎత్తు, 350 టన్నుల బరువు. భువనగిరి దగ్గరి రాయగిరి నుంచి ఆ రాయిని నగరానికి తెచ్చిన ట్రైలరుకు 192 చక్రాలు. చక్రాలు అన్నెందుకంటే, మన మార్జిన్ కథే. బరువు ఎన్ని చక్రాలకు పంచితే నేల మీద అంత తేలిక.

రోడ్డు ప్రయాణం పూర్తయింది. మిగిలింది ఒడ్డు నుంచి చెరువు మధ్యకు కాస్త నీటి దారి. 1990 మార్చి 10న విగ్రహాన్ని మోస్తున్న బార్జీ ఒరిగి, విగ్రహం నీటిలో పడింది. పలువురు చనిపోయారు. మళ్లీ పైకి తీసి 1992 డిసెంబరు 1న నిలబెట్టారు. అన్ని మైళ్లు వచ్చిన బరువు చివరి గజాల్లోనే తప్పింది. లారీ డ్రైవర్లను అడగండి, వాళ్లూ అదే చెప్తారు. తిప్పలన్నీ చివరి వంద గజాల్లోనే.

ఏనుగు పిల్ల, ఓడ పిల్ల

2005లో వచ్చిన టాటా ఏస్‌ను ఉత్తరాదిలో ఛోటా హాథీ అంటారు, అంటే చిన్న ఏనుగు. 4.3 మీటర్ల వ్యాసార్ధంలో తిరిగిపోతుంది. ఇందాకటి లెక్కే దీనికి వేస్తే, వెనక చక్రం లోపలికి జరిగేది అర మీటరు పైచిలుకు మాత్రమే. పెద్ద లారీ హైవే పక్క గోడౌను దగ్గర సరుకు దించితే, ఈ పిల్ల ఏనుగులు సందుల్లోకి మోస్తాయి.

ఈ ఉపాయం కాకినాడకు కొత్తేమీ కాదు. అక్కడి యాంకరేజి రేవులో పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక దూరంగా లంగరేస్తాయి. బార్జీలు వెళ్లి సరుకు ఎక్కించి వస్తాయి. పెద్దది రాలేని చోటికి చిన్నదాన్ని పంపడమన్నది రేవులోనూ ఒకటే, సందులోనూ ఒకటే.

మీ వీధికి లారీ వస్తే

ఇల్లు కడుతూ ఇసుకో ఇటుకో తెప్పించుకుంటున్నారా? ఫోనులో అడ్రసు చెప్పేటప్పుడు ఇంకో రెండు ముక్కలు కలపండి: ఎక్కడ తిప్పుకోవచ్చు, దారిలో బలహీనమైన తూము ఏదైనా ఉందా. మలుపు దగ్గర మీ కారో బండో ఉంటే ఆ పది నిమిషాలు తీసి పక్కన పెట్టండి.

రోడ్డు మీద లారీ వెనక్కి వస్తూ కనిపిస్తే హారన్ కొట్టకండి. క్లీనరు గొంతు డ్రైవరుకు వినిపించనివ్వండి. "చిన్న సందే కదా" అని వెనక నుంచి దూరకండి, పిల్లల్ని అసలు వెళ్లనివ్వకండి. ఒక్క గుర్తు చాలు: లారీ పక్క అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపించడం లేదంటే, మీరూ ఆయనకు కనిపించడం లేదు. అక్కడే ఆగిపోండి.